గాస్టన్ ప్లాంటే

గాస్టన్ ప్లాంటే (ఏప్రిల్ 22, 1834 - మే 21, 1889) ఫ్రాన్సు దేశానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త. మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసి వాడుకోదగిన మొట్టమొదటి ఆచరణయోగ్యమైన బ్యాటరీని, అనగా సీసము-ఆమ్లము బ్యాటరీని, 1859లో రూపొందించినది ఈయనే. మోటారు వాహనాలలోను, ఇళ్ళలోని ఇన్వర్టర్లకు, చిన్న సౌర విద్యుత్ వ్యవస్థలకు తోడుగాను నేటికీ విరివిగా వాడుకలో ఉన్న బ్యాటరీలు ఈయన తయారు చేసిన రెండు సీసపు రేకుల చుట్టకు వారసులే.

కాంతి నుండి విద్యుత్తు పుడుతుందని 1839లో కనుగొన్న ఎడ్మండ్ బెకెరల్ వద్ద ప్లాంటే సహాయకుడిగా పనిచేశాడు. ఆ విధంగా ఇంటి సౌర వ్యవస్థలోని రెండు ముఖ్య భాగాలైన ప్యానెల్, బ్యాటరీల మూల సూత్రాలు గురుశిష్యుల వంటి ఇద్దరు వ్యక్తుల నుండి వచ్చాయి. అయినా ఆ రెండూ ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడానికి దాదాపు నూరు సంవత్సరాలు పట్టింది.

బాల్యము, కుటుంబము

ప్లాంటే ఫ్రాన్సు నైరుతి భాగాన, పిరనీస్ పర్వతాలకు సమీపంలో ఉన్న ఆర్తెజ్ పట్టణంలో 1834లో జన్మించాడు. ఈయన తమ్ముడు ఫ్రాన్సిస్ ప్లాంటే (1839 - 1934) పేరుపొందిన పియానో విద్వాంసుడు. ఫ్రాన్సిస్ తన 89వ ఏట, 1928లో, గ్రామఫోను రికార్డులు ఇచ్చాడు. సోదరులిద్దరిలో ఒకరు సంగీతంలోను, మరొకరు విజ్ఞాన శాస్త్రంలోను కీర్తి గడించారు.

గాస్టన్ చదువు పారిస్ నగరంలో సాగింది. 1854లో అక్కడి కళలు, వృత్తివిద్యల జాతీయ సంస్థలో భౌతిక శాస్త్ర విభాగంలో సహాయకుడిగా చేరాడు. ఉపన్యాసాలకు కావలసిన ప్రయోగ పరికరాలను సిద్ధం చేయడం ఈయన పని. ఆ విభాగపు ఆచార్యుడు ఎడ్మండ్ బెకెరల్. రేడియోధార్మికతను 1896లో కనుగొన్న హెన్రీ బెకెరల్ ఈ ఎడ్మండ్ కుమారుడే. 1860లో ప్లాంటే సామాన్య ప్రజలకు విద్య నేర్పే పాలిటెక్నిక్ సంఘంలో భౌతిక శాస్త్ర ఆచార్యుడయ్యాడు.

గాస్టోర్నిస్ శిలాజము

ప్లాంటే పేరు విద్యుత్ శాస్త్రం కంటే ముందుగా పురాజీవ శాస్త్రంలో నిలిచింది. 1855లో పారిస్ సమీపంలోని మ్యూడాన్ వద్ద ఈయన ఒక పెద్ద పక్షి కాలి ఎముక శిలాజాన్ని కనుగొన్నాడు. అది సుమారు 5.5 కోట్ల సంవత్సరాల క్రితం జీవించిన, ఎగరలేని భారీ పక్షిది. శాస్త్రవేత్త ఎడ్మండ్ హెబెర్ అదే సంవత్సరం దానికి గాస్టోర్నిస్ పారిసియెన్సిస్ అని పేరు పెట్టాడు. గాస్టన్ కనుగొన్న పక్షి అని గాస్టోర్నిస్ అనే మాటకు అర్థం. ఆ సమయానికి ప్లాంటే ఇంకా యువకుడు మాత్రమే.

బ్యాటరీకి పూర్వ చరిత్ర

ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా 1800లో మొదటి విద్యుత్ ఘటమాలను ప్రకటించాడు. దానిలోను, ఆ తరువాత వచ్చిన డేనియల్, బున్సెన్ ఘటాలలోను విద్యుత్తు రసాయనిక చర్య వలన పుడుతుంది. జింకు కరిగిపోయిన తరువాత కొత్త జింకు, కొత్త ఆమ్లం వేయవలసిందే. విద్యుత్తును పెద్ద మొత్తంలో దాచుకొని మళ్ళీ వాడుకొనే ఆచరణయోగ్యమైన సాధనం అప్పటికి లేదు.

దాచుకోవచ్చుననే సూచనలు మాత్రం కనిపించాయి. ఆమ్లంలో ముంచిన లోహపు పలకల గుండా కొంతసేపు విద్యుత్తును పంపి ఆపివేస్తే, ఆ పలకల నుండి కొద్దిసేపు వ్యతిరేక దిశలో విద్యుత్తు వస్తుందని గోతెరో 1801లో గమనించాడు. జర్మనీకి చెందిన రిట్టర్ 1803లో ఈ ధర్మంతో ఒక ద్వితీయ ఘటమాలను కట్టాడు. సిన్‌స్టెడెన్ అనే జర్మనీ వైద్యుడు 1854లో సీసపు పలకలతో ఇటువంటి ప్రయోగాలు చేశాడు. కాని అప్పట్లో ఎక్కువమంది దీనిని ఘటాలలో కలిగే ఒక దోషంగానే చూశారు. దానిని ఉపయోగకరమైన వస్తువుగా మార్చినది ప్లాంటే.

1859 నాటి ఆవిష్కరణ

ప్లాంటే మొదట వివిధ లోహాలను వరుసగా పరీక్షించాడు. రాగి, వెండి, తగరం, ఇనుము, బంగారం, ప్లాటినం, సీసం వంటి లోహాల పలకలను ఆమ్లంలో ముంచి, విద్యుత్తు పంపి, ఆపిన తరువాత ఏ లోహం నుండి ఎంత బలమైన, ఎంతసేపు నిలిచే ప్రవాహం వస్తుందో పోల్చి చూశాడు. ఖరీదైన బంగారం, ప్లాటినములను మించి చవకైన సీసమే ఉత్తమ ఫలితాన్నిచ్చింది.

దీనితో రెండు పొడవైన సీసపు రేకులను తీసుకొని, అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ముతక గుడ్డ పెట్టి, రెంటినీ కలిపి చాపలాగా చుట్ట చుట్టాడు. ఆ చుట్టను సుమారు 10 శాతం గంధకామ్లం కలిపిన నీటిలో ఉంచాడు. తరువాతి నమూనాలలో గుడ్డకు బదులుగా రబ్బరు పట్టీలు వాడాడు. చుట్టడం వలన చిన్న పాత్రలోనే పలకలకు ఎక్కువ వైశాల్యం లభించింది, పలకల మధ్య దూరం తగ్గింది. అందుచేత ఘటపు అంతర్నిరోధం చాలా తక్కువై, అవసరమైనప్పుడు పెద్ద ప్రవాహాన్ని ఒక్కసారిగా ఇవ్వగలిగింది. 1860లో ఇటువంటి 9 ఘటాలతో కూడిన బ్యాటరీని ప్లాంటే ఫ్రెంచి విజ్ఞాన శాస్త్ర అకాడమీకి సమర్పించాడు.

పనిచేయు విధానము

ఛార్జి అయిన ఘటంలో ధన పలక మీద గోధుమ రంగు సీసపు డయాక్సైడు, ఋణ పలక మీద స్పాంజివంటి సీసం ఉంటాయి. విద్యుత్తును వాడుకొన్నప్పుడు రెండు పలకలూ ఆమ్లంతో చర్య జరిపి సీసపు సల్ఫేటుగా మారుతాయి, ఆమ్లం పలుచబడుతుంది. ఛార్జి చేసినప్పుడు ఈ చర్య వెనుకకు జరిగి, పలకలు పూర్వ రూపాన్ని పొందుతాయి, ఆమ్లం చిక్కబడుతుంది. అందుకే నేటికీ హైడ్రోమీటరుతో ఆమ్లపు సాంద్రతను కొలిచి బ్యాటరీలో ఎంత ఛార్జి ఉన్నదో తెలుసుకొంటారు. ఒక ఘటపు వోల్టేజి సుమారు 2 వోల్టులు. 6 ఘటాలను శ్రేణిలో కలిపితే సాధారణమైన 12 వోల్టుల బ్యాటరీ అవుతుంది.

కొత్త సీసపు రేకుల ఉపరితలం నున్నగా ఉండటం వలన మొదట్లో చాలా తక్కువ విద్యుత్తు మాత్రమే నిలువ ఉండేది. ఘటాన్ని పలుమార్లు ఛార్జి చేసి, ఖాళీ చేసి, దిశ మార్చి మళ్ళీ ఛార్జి చేసి, మధ్యమధ్య విశ్రాంతి ఇస్తూ పోతే సీసపు ఉపరితలం గుల్లబారి సామర్థ్యం పెరుగుతుందని ప్లాంటే కనుగొన్నాడు. దీనిని పలకల సిద్ధీకరణ అనవచ్చు. ఇందుకు వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది. ముందుగా పలుచని నత్రికామ్లంలో నానబెడితే ఈ పని త్వరపడుతుందని ప్లాంటే తరువాతి కాలంలో తెలిపాడు.

ఛార్జింగు సమస్య

ఆవిష్కరణ జరిగినా బ్యాటరీకి రెండు దశాబ్దాల వరకు విస్తృత ప్రయోజనం కలగలేదు. దానిని నింపడానికి తగిన విద్యుత్తు లేకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. ప్లాంటే తన ఘటాలను బున్సెన్ ఘటాలతో ఛార్జి చేసేవాడు. అంటే ఖరీదైన జింకును ఖర్చు చేసి విద్యుత్తు పుట్టించి, దానిని సీసంలో దాచవలసి వచ్చేది.

ఈ కాలంలో ప్లాంటే తన ఘటాలకు చిన్న చిన్న ఉపయోగాలు వెదికాడు. ప్లాటినం తీగను ఎర్రగా కాల్చి కొవ్వొత్తిని వెలిగించే ఒక పెట్టెను తయారు చేశాడు. పూర్వపు రసవాదులు సీసాన్ని శనిగ్రహంతో ముడిపెట్టేవారు గనుక దీనికి శని పేరు పెట్టాడు. శరీరంలోని కుహరాలలో వెలుతురు నింపే వైద్య పరికరాలకు కూడా ప్లాంటే ఘటాలను వాడారు.

జెనోబ్ గ్రామ్ రూపొందించిన డైనమో 1871లో వెలుగులోకి వచ్చిన తరువాత పరిస్థితి మారసాగింది. ప్లాంటే ఈ యంత్రాన్ని చేతితో త్రిప్పి తన ఘటాలను ఛార్జి చేసి చూశాడు. త్రిప్పడం ఆపివేసినప్పుడు యంత్రం నిలిచిపోక అదే దిశలో తిరుగుతూనే ఉండేది. బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు ప్రవహించి డైనమోను మోటారుగా నడపడమే దీనికి కారణం. నింపిన విద్యుత్తు వచ్చిన దారినే వెళ్ళిపోకుండా అడ్డుకట్ట ఉండాలని ఈ ప్రయోగం తెలుపుతుంది. నేటి సౌర వ్యవస్థలలో రాత్రివేళ బ్యాటరీ విద్యుత్తు ప్యానెల్ లోనికి వెళ్ళకుండా ఆపే పనిని ఛార్జి కంట్రోలర్ చేస్తుంది.

కమీల్ ఫోర్ చేసిన మార్పులు

1880 - 81లలో ఫ్రాన్సుకే చెందిన కమీల్ ఫోర్ సీసపు పలకలకు సీసపు ఆక్సైడు ముద్దను పూసే పద్ధతిని కనుగొన్నాడు. దీనివలన నెలల తరబడి సిద్ధీకరణ అవసరం లేకుండా పోయింది, అదే బరువుకు సామర్థ్యం పెరిగింది. 1881 మే నెలలో పారిస్‌లో ఛార్జి చేసిన 4 ఫోర్ ఘటాల పెట్టె 72 గంటల ప్రయాణం తరువాత గ్లాస్గో నగరంలోని విలియం థామ్సన్‌కు చేరినప్పుడు దానిలో విద్యుత్తు ఇంకా నిలిచి ఉండటం ఆనాటి వారికి ఆశ్చర్యం కలిగించింది. విద్యుత్తును పెట్టెలో పెట్టి దూరప్రాంతానికి పంపవచ్చునని దానితో రుజువైంది. ఆ తరువాత ముద్దను పట్టి ఉంచడానికి జాలీవంటి పలకలు, సీసానికి గట్టిదనమిచ్చే ఆంటిమొని మిశ్రమం వచ్చాయి.

ప్లాంటే పద్ధతి మాత్రం అంతరించలేదు. మందమైన శుద్ధ సీసపు పలకలతో చేసిన ప్లాంటే రకపు ఘటాలు బరువైనవి, ఖరీదైనవి అయినా, 20 సంవత్సరాలకు పైబడి మన్నుతాయి. అందువలన విద్యుత్ కేంద్రాలలో, సబ్‌స్టేషన్లలో వీటిని వాడుతూ వచ్చారు.

అధిక వోల్టేజి ప్రయోగాలు

ఘటాలను సమాంతరంగా కలిపి ఛార్జి చేసి, ఒక మీటతో వాటిని శ్రేణిలోకి మార్చి వాడుకొనే ఏర్పాటు ప్లాంటే చేసుకొన్నాడు. దీనివలన రెండే బున్సెన్ ఘటాలతో నింపిన బ్యాటరీ నుండి అంతకు ఎన్నో రెట్లు వోల్టేజి పొందవచ్చు. ఇలా 800 ఘటాల వరకు కలిపి ప్రయోగాలు చేశాడు.

1877లో ఈయన రియోస్టాటిక్ యంత్రాన్ని నిర్మించాడు. అభ్రకపు రేకులతో చేసిన అనేక కెపాసిటర్లను సమాంతరంగా ఛార్జి చేసి, తిరిగే కమ్యుటేటరు ద్వారా శ్రేణిలో విడుదల చేయడం దీని సూత్రం. 1924లో వచ్చిన మార్క్స్ జనరేటరుకు దీనిని పూర్వరూపంగా భావిస్తారు. ఈ పరికరాలతో ద్రవాల ఉపరితలం మీద కదలాడే వెలుగు గోళాలను సృష్టించి, ప్రకృతిలో అరుదుగా కనిపించే బంతి మెరుపులతో వాటిని పోల్చాడు. తన పరిశోధనలను 1879లో ఒక గ్రంథంగాను, వాతావరణంలోని విద్యుత్ దృగ్విషయాలపై 1888లో మరొక గ్రంథంగాను వెలువరించాడు.

మరణము

ప్లాంటే మే 21, 1889న మ్యూడాన్‌లోని బెల్‌వ్యూ వద్ద తన 55వ ఏట మరణించాడు. తొలి శిలాజాన్ని కనుగొన్నదీ మ్యూడాన్ లోనే. ఈయన మరణించేనాటికి డైనమోల వలన బ్యాటరీ ఒక పరిశ్రమగా మారింది. సూర్యకాంతితో దానిని నింపే రోజు మాత్రం 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనికివచ్చే సిలికాన్ సౌర ఘటం తయారైన తరువాతనే వచ్చింది.

ఇంటి సౌర వ్యవస్థలో ప్లాంటే బ్యాటరీ

ప్లాంటేకు ఎదురైన సమస్యలే నేడు ఇంటికి చిన్న సౌర వ్యవస్థ పెట్టుకొనేవారికీ ఎదురవుతాయి. బ్యాటరీలో ఎంత నిలువ ఉండాలి, దానిని ఏది నింపుతుంది, ఎంత వేగంగా ఖాళీ చేయవచ్చు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే బ్యాటరీ, ఇన్వర్టర్ల ఎంపిక సులభమవుతుంది.

బ్యాటరీ పరిమాణము: ముందుగా ఒక రోజు వాడకాన్ని వాట్-గంటలలో లెక్కించాలి. ఉదాహరణకు 9 వాట్ల ఎల్ఈడీ దీపాలు 3, రోజుకు 5 గంటలు (135), 30 వాట్ల పొదుపు ఫ్యాన్లు 2, 8 గంటలు (480), 60 వాట్ల టీవీ 3 గంటలు (180) వాడితే మొత్తం 795 వాట్-గంటలు. ఇన్వర్టర్‌లో సుమారు 10 శాతం నష్టం పోతుంది గనుక బ్యాటరీ నుండి సుమారు 880 వాట్-గంటలు రావాలి. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకుండా ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది. కాబట్టి సుమారు 1,770 వాట్-గంటల బ్యాటరీ కావాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీ ఒకటి (1,800 వాట్-గంటలు) ఇందుకు సరిపోతుంది. మబ్బు పట్టిన రెండో రోజుకు కూడా నిలువ ఉండాలంటే ఇది రెట్టింపు కావాలి.

ప్యానెల్ పరిమాణము: బున్సెన్ ఘటాల నాటి సమస్య ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది. ప్యానెల్ చిన్నదై బ్యాటరీ పెద్దదైతే బ్యాటరీ ఎన్నడూ పూర్తిగా నిండదు. అలా సగం ఛార్జితో రోజుల తరబడి ఉన్న పలకల మీద సల్ఫేటు స్ఫటికాలు గట్టిపడి సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది. పై ఉదాహరణలో బ్యాటరీ నష్టాలను కూడా కలుపుకొంటే రోజుకు సుమారు 1,100 వాట్-గంటలు ప్యానెల్ నుండి రావాలి. రోజుకు నాలుగున్నర గంటల పూర్తి ఎండతో సమానమైన వెలుతురు లెక్కన, వేడికి, దుమ్ముకు కొంత వదిలివేస్తే, 300 నుండి 350 వాట్ల ప్యానెల్ అవసరం. సీసపు బ్యాటరీని దాని సామర్థ్యంలో 10 నుండి 15 శాతం ప్రవాహంతో, అంటే 150 ఆంపియర్-గంటల బ్యాటరీని 15 నుండి 22 ఆంపియర్లతో ఛార్జి చేయడం మంచిది.

బ్యాటరీ రకాలు: కారు బ్యాటరీలో పలుచని పలకలు ఎక్కువగా ఉంటాయి. ఇంజను స్టార్టు చేయడానికి క్షణకాలం పెద్ద ప్రవాహం ఇవ్వడం దాని పని. రోజూ సగం ఖాళీ అయ్యే సౌర వ్యవస్థకు అది తగదు. ఇళ్ళలో సాధారణంగా వాడే ట్యూబులర్ బ్యాటరీలో ధన పలక పదార్థం గొట్టాల వంటి తొడుగులలో ఉండటం వలన రాలిపోకుండా నిలుస్తుంది. సీలు చేసిన జెల్ రకంలో నీరు పోసే పని లేదు, కాని ఎక్కువ వోల్టేజితో ఛార్జి చేస్తే త్వరగా పాడవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో నిలువలో 80 శాతం వరకు వాడుకోవచ్చు, అది తేలికైనది, ఎక్కువ సార్లు ఛార్జి అవుతుంది. అయితే మొదటి ఖర్చు ఎక్కువ. ఇన్వర్టర్‌లో లిథియం బ్యాటరీకి తగిన ఛార్జింగు అమరిక ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి.

కొనేటప్పుడు లేబులు మీద ఆంపియర్-గంటలతో పాటు అది ఎన్ని గంటల లెక్కనో చూడాలి. సౌర బ్యాటరీలను సాధారణంగా 10 గంటలలో ఖాళీ చేసే లెక్కన (సీ10), మామూలు ఇన్వర్టర్ బ్యాటరీలను 20 గంటల లెక్కన (సీ20) చెబుతారు. ఎంత వేగంగా ఖాళీ చేస్తే సీసపు బ్యాటరీ మొత్తం మీద అంత తక్కువ విద్యుత్తు ఇస్తుందని జర్మనీ శాస్త్రవేత్త పాయ్‌కెర్ట్ 1897లో సూత్రీకరించాడు. అందుచేత 20 గంటల లెక్కన 150 అని ఉన్న బ్యాటరీ, 10 గంటల లెక్కన 150 అని ఉన్నదాని కంటే చిన్నదే.

ఇన్వర్టర్ ఎంపిక: ఇన్వర్టర్ బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. ఒకేసారి నడిచే వస్తువుల మొత్తం వాట్లను బట్టి దీనిని ఎంచుకోవాలి. పై ఉదాహరణలో అన్నీ కలిసి నడిచినా 147 వాట్లే. అయితే మిక్సీ, ఫ్రిజ్, నీటి మోటారు వంటివి స్టార్టు అయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు ప్రవాహం తీసుకొంటాయి. 750 వాట్ల మిక్సీకి 12 వోల్టుల బ్యాటరీ నుండి సుమారు 70 ఆంపియర్లు పోతాయి. ఇటువంటి బరువులు ఉంటే 24 వోల్టుల వ్యవస్థ మేలు, అప్పుడు ప్రవాహం సగమై తీగలలో నష్టం తగ్గుతుంది. ఇన్వర్టర్ మీద రాసే వీఏ, వాట్లు ఒకటి కావు. పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే 850 వీఏ ఇన్వర్టర్ 680 వాట్లు మాత్రమే ఇస్తుంది. ఫ్యాన్లు, మోటార్లు చప్పుడు లేకుండా, వేడెక్కకుండా నడవాలంటే ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకోవాలి. ఏ వస్తువూ నడవనప్పుడు ఇన్వర్టర్ తాను ఎంత వాడుకొంటుందో కూడా చిన్న వ్యవస్థలలో ముఖ్యమే.

జాగ్రత్తలు: రెండు బ్యాటరీలను కలపవలసివస్తే రెండూ ఒకే రకం, ఒకే సామర్థ్యం, ఒకే వయస్సు గలవై ఉండాలి. పాతదానిని కొత్తదానితో కలిపితే కొత్తది కూడా త్వరగా క్షీణిస్తుంది. సుమారు ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ వేడికి సీసపు బ్యాటరీ ఆయువు సగమవుతుందని అంచనా. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో బ్యాటరీని డాబా మీద రేకుల కింద కాక, నీడగా, గాలి ఆడే చోట పెట్టాలి. ఛార్జి అయ్యేటప్పుడు మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక మూసి ఉన్న గదిలోను, పొయ్యి దగ్గర, దేవుని దీపం దగ్గర ఉంచరాదు. తగ్గిన మేరకు డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, ఆమ్లం పోయరాదు. సీసం విషపదార్థం, పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. పాత బ్యాటరీని ఇంటివద్ద విప్పరాదు, అమ్మకందారుకు తిరిగి ఇవ్వాలి. భారతదేశంలో ఇందుకోసం 2001లో చేసిన నియమాల స్థానంలో 2022లో కొత్త నియమాలు వచ్చాయి.

గౌరవాలు

ఫ్రాన్సు ప్రభుత్వం ప్లాంటేను లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారంతో సత్కరించింది. ఫ్రెంచి విజ్ఞాన శాస్త్ర అకాడమీ ఈయన పేరిట ఒక బహుమతిని ఇచ్చేది. దానిని పొందినవారిలో పియరీ క్యూరీ ఒకడు. ప్లాంటే శతవర్ధంతి సంవత్సరమైన 1989లో బల్గేరియా విజ్ఞాన శాస్త్ర అకాడమీ, సీసపు బ్యాటరీల పరిశోధనలో కృషి చేసినవారికి గాస్టన్ ప్లాంటే పతకాన్ని నెలకొల్పింది. గాస్టోర్నిస్ పక్షి పేరులోను, ప్లాంటే రకపు ఘటాల పేరులోను ఈయన పేరు నిలిచి ఉంది.